బకెట్‌లో ఫైలు ఉంది, టేబుల్లో రికార్డు లేదు: షెడ్యూలు లోడింగ్‌లో డేటా ఎక్కడ జారిపోతుంది

ఒక మెడికల్ షాపుల చైన్ అనుకుందాం. ప్రతి శాఖలోని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గంటకో సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టికను) అమెజాన్ ఎస్‌3 అనే క్లౌడ్ నిల్వలోని బకెట్‌లో, అంటే ఫైళ్లు దాచే చోట, పెడుతుంది. ఆ ఫైళ్లను గంటగంటకూ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి ఎక్కించాలి. క్రాన్‌లో (చెప్పిన టైముకు ప్రోగ్రామ్‌ను నడిపే టూల్‌లో) ఒక లైను, పైథాన్‌లో ఓ యాభై లైన్లు రాస్తే మొదటిరోజే నడిచిపోతుంది. కొన్ని నెలలకు అకౌంట్స్ వాళ్లు వచ్చి, తమ లెక్కకూ డాష్‌బోర్డు లెక్కకూ పొంతన లేదంటారు. లాగ్‌లు తీస్తే ఒక్క ఎర్రర్ ఉండదు, ప్రతి రన్ సక్సెస్ అనే ఉంటుంది. అయినా కొన్ని ఫైళ్లు అసలు రాలేదు, కొన్ని రెండుసార్లు ఎక్కాయి.

ఇలాంటి పనిలో అందరి చూపూ మొదట షెడ్యూలు మీదకే పోతుంది: పావుగంటకోసారి నడపాలా, గంటకోసారా అని. అది తేలిగ్గా తేలే విషయం. ఇప్పటిదాకా ఏమేం ఎక్కించిందో ప్రోగ్రామ్‌కు ఎలా గుర్తుంటుంది అన్న దగ్గరే డేటా నిలుస్తుందో, జారిపోతుందో తేలుతుంది.

టైమ్‌ను నమ్ముకుంటే

ఎక్కువ స్క్రిప్టులు చేసేది ఇదీ: గత రన్ టైమ్‌ను ఎక్కడో దాచుకుంటాయి. ఈసారి బకెట్ లిస్ట్ తీసి, లాస్ట్ మాడిఫైడ్ టైమ్ అంతకన్నా తర్వాత ఉన్న ఫైళ్లనే తీసుకుంటాయి. చూడటానికి సబబుగానే ఉంటుంది. కానీ ఎస్‌3లో ఈ టైమ్‌కు ఒక మెలిక ఉంది. పెద్ద ఫైలును ముక్కలుగా పంపే మల్టీపార్ట్ అప్‌లోడ్‌లో, లాస్ట్ మాడిఫైడ్‌గా నమోదయ్యేది అప్‌లోడ్ మొదలైన టైమ్. ముగిసిన టైమ్ కాదు. ముగిసేవరకూ ఆ ఫైలు లిస్ట్‌లో కనబడనే కనబడదు.

ఇప్పుడు లెక్క చూడండి. నెట్ నెమ్మదిగా ఉన్న ఒక శాఖ 10:58కి అప్‌లోడ్ మొదలుపెట్టి 11:06కి ముగించింది. మన జాబ్ 11:00కి నడిచింది, ఫైలు కనబడలేదు, 11:00ను గుర్తు పెట్టుకుంది. 12:00కి మళ్లీ నడిచి 11:00 తర్వాతి ఫైళ్లను అడిగింది. మన ఫైలు మీద 10:58 అని ఉంది. ఆ ఫైలు ఇక ఎప్పటికీ రాదు, ఎర్రర్ కూడా ఉండదు. ఇది బ్రహ్మాండమైన ఫైళ్లకే వచ్చే సమస్య అనుకోవద్దు. ఎస్‌3తో మాట్లాడే పైథాన్ లైబ్రరీ బోటో3, అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్) కమాండ్ లైన్ రెండూ మామూలు సెట్టింగుల్లో 8 ఎంబీ దాటితే తమంతట తామే మల్టీపార్ట్‌కు మారతాయి.

దీనికి తోడు లాస్ట్ మాడిఫైడ్‌లో సెకన్ల వరకే ఉంటుంది. ఒకే సెకనులో రెండు ఫైళ్లు పడి, వాటి మధ్యలో లిస్ట్ తీస్తే రెండోది పోతుంది. "కన్నా ఎక్కువ" బదులు "ఎక్కువ లేదా సమానం" అని రాస్తే మొదటిది రెండుసార్లు ఎక్కుతుంది.

ఫైలు పేరును ఆధారం చేసుకునేవాళ్లూ ఉన్నారు: చివరిగా చూసిన పేరు తర్వాత నుంచి లిస్ట్ ఇమ్మని అడగడం. ఎస్‌3 పేర్లను బైట్ల వరుసలో ఇస్తుంది కాబట్టి "బిల్లు-10" అనేది "బిల్లు-9" కంటే ముందే వస్తుంది. అంకెల ముందు సున్నాలు పెట్టి దీన్ని సరిచేసుకోవచ్చు. కానీ రెండు రోజులు నెట్ లేని శాఖ పాత తేదీ పేరుతో ఫైలు పంపితే ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది.

పాత వ్యాసాల్లో "ఎస్‌3 లిస్ట్‌ను వెంటనే నమ్మొద్దు, కొన్ని నిమిషాలు ఆగండి" అన్న సలహా ఇంకా కనిపిస్తుంది. 2020 డిసెంబర్ నుంచి దాని అవసరం లేదు. ఫైలు రాయడం పూర్తయిన మరుక్షణమే లిస్ట్‌లో కనబడుతుంది. సగం రాసిన ఫైలు ఎప్పుడూ కనబడదు.

పద్దు టేబుల్

పరిష్కారం పాతదే. ఎక్కించిన ప్రతి ఫైలుకూ ఒక పద్దు రాయడం. ఒక టేబుల్ పెట్టండి. అందులో బకెట్ పేరు, ఫైలు పూర్తి పేరు, ఈట్యాగ్ (ఫైలు లోపలి డేటాకు ఎస్‌3 ఇచ్చే గుర్తు), సైజు, లాస్ట్ మాడిఫైడ్, స్థితి, ఎక్కిన రికార్డుల సంఖ్య, తిరస్కరించిన రికార్డుల సంఖ్య, ఎక్కించిన సమయం, ఎన్నిసార్లు ప్రయత్నించాం, చివరి ఎర్రర్ వచనం ఉండాలి. బకెట్, పేరు, ఈట్యాగ్ మూడూ కలిపి యూనిక్. ప్రతి రన్‌లోనూ లిస్ట్ తీసి, ఈ టేబుల్లో ఎక్కినట్టు పద్దు లేని వాటినే తీసుకోవాలి. టైమ్ అక్కడ సమాచారం కోసమే ఉంటుంది, దాన్నిబట్టి ఏ నిర్ణయమూ జరగదు.

ఈట్యాగ్ ఎందుకంటే, అదే పేరుతో సరిచేసిన ఫైలు మళ్లీ రావచ్చు. పేరొక్కటే చూస్తే రెండోదాన్ని వదిలేస్తాం. అయితే ఈట్యాగ్‌ను ఎండీ5 చెక్‌సమ్ (ఫైలులోని బైట్ల నుంచి లెక్కగట్టే సంఖ్య) అనుకుని పోల్చకండి. మల్టీపార్ట్‌లో వచ్చిన ఫైలుకు చివర గీత, ముక్కల సంఖ్య ఉంటాయి, కేఎంఎస్ (అమెజాన్ తాళాల సర్వీసు) ఎన్‌క్రిప్షన్ ఉన్నా అది ఎండీ5 కాదు. మారిందా లేదా అని చూసుకోవడానికి మాత్రం అది పనికొస్తుంది. లిస్ట్ తీసిన తర్వాత, డౌన్‌లోడ్ చేసేలోపు ఫైలు మారిపోయే సందు కూడా ఒకటి ఉంది. డౌన్‌లోడ్ అడిగేటప్పుడు ఇఫ్-మ్యాచ్ హెడర్‌లో లిస్ట్‌లో చూసిన ఈట్యాగ్ పంపండి. మధ్యలో మారి ఉంటే 412 (షరతు కుదరలేదన్న ఎర్రర్) వస్తుంది. దాన్ని వదిలేస్తే తర్వాతి రన్ కొత్తదాన్ని పట్టుకుంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం: ఈ పద్దు టేబుల్ డేటా చేరే డేటాబేస్‌లోనే ఉండాలి, డేటాతో పాటు ఒకే ట్రాన్సాక్షన్‌లో (అంతా కలిసి నిలిచే, లేదా అంతా కలిసి రద్దయ్యే రాతల గుంపులో) రాయాలి. చాలామంది దీన్ని బకెట్‌లో ఒక జేసన్ ఫైలుగానో, రెడిస్ అనే వేరే స్టోర్‌లోనో పెడతారు. డేటా కమిట్ (ఖాయం) అయ్యాక, పద్దు రాసేలోపు మెషీన్ పడిపోతే అదే ఫైలు మళ్లీ ఎక్కుతుంది. పద్దు ముందే రాసి డేటా తర్వాత ఎక్కిద్దామంటే, అప్పుడు పడిపోతే ఫైలే పోతుంది. రెండూ ఒకే కమిట్‌లో ఉంటే ఈ రెండు ప్రమాదాలూ ఉండవు.

ఒక రన్ లోపల జరగాల్సినవి

ముందు తాళం. గత రన్ ఇంకా నడుస్తుండగానే కొత్తది మొదలైతే రెండూ ఒకే ఫైలును పట్టుకుంటాయి. క్రాన్ దీన్ని ఆపదు. ఒకే మెషీన్ అయితే ఎఫ్‌లాక్ అనే లినక్స్ కమాండ్ చాలు. కంటెయినర్లను నడిపే కుబెర్నెటీస్ క్రాన్‌జాబ్‌లో కాన్‌కరెన్సీ పాలసీని ఫర్బిడ్‌గా, జాబ్‌లను వరుసపెట్టే ఎయిర్‌ఫ్లోలో మ్యాక్స్ యాక్టివ్ రన్స్ 1గా పెట్టుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్ అడ్వయిజరీ లాక్ (ప్రోగ్రామ్ తన అవసరానికి డేటాబేస్‌లో వేసుకునే తాళం) ఎక్కడి నుంచి నడిపినా పనిచేస్తుంది. కానీ మధ్యలో డేటాబేస్ కనెక్షన్లను పంచే పీజీబౌన్సర్ ట్రాన్సాక్షన్ మోడ్‌లో ఉంటే సెషన్ లాక్‌ను నమ్మలేం, ఎందుకంటే అక్కడ సెషన్ మన చేతిలో ఉండదు. అప్పుడు ట్రాన్సాక్షన్ స్థాయి లాక్ వాడాలి, లేదా ఈ జాబ్‌ను నేరుగా డేటాబేస్‌కు కలపాలి.

తర్వాత లిస్ట్ తీసి పద్దుతో పోల్చి, మిగిలిన ఫైళ్లను ఒక్కొక్కటిగా తీసుకోవాలి. ఫైలుకు ఒక ట్రాన్సాక్షన్ చొప్పున నడపడం మంచి అలవాటు. రెండు వందల ఫైళ్లను ఒకే ట్రాన్సాక్షన్‌లో పెడితే నూట తొంభయ్యోదానిలో ఒక తప్పుడు తేదీ అన్నిటినీ వెనక్కి లాగేస్తుంది. పైగా అంతసేపు తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్ వల్ల పోస్ట్‌గ్రెస్‌లో శుభ్రపరిచే పని అయిన వాక్యూమ్ పాత రికార్డులను శుభ్రం చేయలేదు. ఫైళ్లు మరీ చిన్నవైతే, కొన్ని కేబీలవే అయితే, వంద చొప్పున కలపడంలో అర్థం ఉంది. అక్కడ టైమంతా ఒక్కో ఫైలును అడిగి తెచ్చుకోవడానికే పోతుంది. ఒక్కో అభ్యర్థనకు 100 మిల్లీసెకన్లు అనుకున్నా పది వేల ఫైళ్లను వరసగా తేవడానికి పదిహేడు నిమిషాలు పడుతుంది. ఎనిమిది పది థ్రెడ్లతో తెచ్చుకుంటూ, రాయడం మాత్రం ఒక్క కనెక్షన్‌తోనే చేయండి.

ఒక్కో ఫైలునూ ముందు స్టేజింగ్ (తాత్కాలిక) టేబుల్లోకి, ఫైలును మొత్తంగా ఎక్కించే కాపీ కమాండ్‌తో దింపాలి. ఆ టేబుల్లో కాలమ్‌లన్నీ టెక్స్ట్‌గానే ఉంచండి. అసలు టేబుల్లోకి నేరుగా కాపీ చేస్తే ఒక్క చెడ్డ విలువకు ఫైలంతా ఆగిపోతుంది, ఏ లైనో మాత్రం చెబుతుంది, మిగతా చెడ్డ లైన్ల సంగతి తెలియదు. టెక్స్ట్‌గా దింపితే చెడ్డవాటిని ఒక్కసారే వెతికి పక్కకు పెట్టవచ్చు. స్టేజింగ్‌ను అన్‌లాగ్డ్ టేబుల్‌గా (మార్పుల లాగ్ రాయనిదిగా) పెడితే రాతభారం తగ్గుతుంది. క్రాష్ అయితే అది ఖాళీ అవుతుంది, దానివల్ల మనకు నష్టమేమీ లేదు.

అక్కడి నుంచి అసలు టేబుల్‌కు వెళ్లే దారి డేటా స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఇది తేల్చుకోకుండా అన్నిటికీ అప్‌సర్ట్ (రికార్డు ఉంటే మార్చు, లేకపోతే చేర్చు) రాసేయడం నాకు నచ్చని అలవాటు. బిల్లుల్లాంటివి జరిగిపోయిన లావాదేవీలు. వాటికి ప్రతి రికార్డు పక్కనా ఏ ఫైలు నుంచి వచ్చిందో రాసుకోవాలి. అదే ఫైలు సవరించి మళ్లీ వస్తే, ఆ ఫైలు తాలూకు రికార్డులన్నీ తీసేసి కొత్తవి పెట్టాలి. అప్‌సర్ట్ చేస్తే, సవరించిన ఫైలులో లేని బిల్లులు (పొరపాటున ఒకసారి పంపి తర్వాత తీసేసినవి) టేబుల్లో అలాగే మిగిలిపోతాయి.

మందుల జాబితా, కస్టమర్ల జాబితా లాంటి వాటికి అప్‌సర్ట్ సరైనది. ఇక్కడ రెండు విషయాలు చూసుకోవాలి. ఒకే ఫైలులో ఒకే కీ రెండుసార్లు ఉంటే అప్‌సర్ట్ చేసే ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్ కమాండ్, ఒకే రికార్డును రెండోసారి మార్చలేనని ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ముందే డిస్టింక్ట్ ఆన్‌తో కీకి ఒక్క రికార్డే, అన్నిటికన్నా తాజాది, మిగల్చాలి. రెండోది ఫైళ్ల వరుస. ఆలస్యంగా వచ్చిన పాత ఫైలు కొత్త ధరను పాత ధరతో తుడిచేయగలదు. వస్తున్న రికార్డు మార్పు సమయం, ఉన్నదానికన్నా తర్వాతదైతేనే మార్చాలన్న షరతును ఆ కమాండ్‌లోనే వేర్‌గా రాయవచ్చు. అది ఉంటే ఫైళ్లు ఏ వరుసలో వచ్చినా ఫలితం ఒక్కటే. షరతు కోసం సోర్స్ డేటాలోనే మార్పు సమయం ఉండాలి. లేకపోతే పంపేవాళ్లను అడిగి పెట్టించుకోండి. మన వైపు నుంచి దానికి ప్రత్యామ్నాయం లేదు.

ఫైలు విఫలమైతే ట్రాన్సాక్షన్ వెనక్కి పోతుంది, దాంతో అందులో రాసిన పద్దూ పోతుంది. అందుకే ఎర్రర్‌ను, ప్రయత్నాల సంఖ్యను రోల్‌బ్యాక్ తర్వాత వేరే ట్రాన్సాక్షన్‌లో రాయాలి. మూడుసార్లు విఫలమైన ఫైలును పక్కన పెట్టి మనిషికి కబురు పంపి, మిగతావాటితో ముందుకు సాగాలి. లేదంటే ఒక్క చెడ్డ ఫైలు తన వెనకున్న అన్నిటినీ ఆపేస్తుంది.

ఫైలు లోపల

ఎక్సెల్ చేతిలో పడి వచ్చిన సీఎస్‌వీని అనుమానంతోనే చూడాలి. భారతీయ ఉత్పత్తుల మీద 890తో మొదలయ్యే 13 అంకెల బార్‌కోడ్ ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయగానే ఘాతాంక రూపంలోకి మారిపోయి, చివరి అంకెలు పోతాయి. బ్యాచ్ నంబర్ల ముందున్న సున్నాలూ పోతాయి. పోయిన అంకెల్ని ఏ ప్రోగ్రామూ తిరిగి తేలేదు. చేయగలిగింది బార్‌కోడ్ సరిగ్గా 13 అంకెలేనా అని స్టేజింగ్‌లోనే చూసి, కాకపోతే తిరస్కరించడం. ఎక్సెల్ యూటీఎఫ్-8గా సేవ్ చేసినప్పుడు ఫైలు మొదట్లో బీఓఎం అనే మూడు కనబడని బైట్లు పెడుతుంది. మొదటి కాలమ్ పేరు సరిగ్గానే కనబడుతున్నా సరిపోలకపోవడానికి కారణం తరచూ ఇదే.

పోస్ట్‌గ్రెస్ మామూలు సెట్టింగు తేదీలో నెలను ముందు చదువుతుంది. మన 05/04 ఏప్రిల్ ఐదు అనుకుంటే అది మే నాలుగు అనుకుంటుంది. 13వ తేదీ వచ్చేదాకా ఎర్రర్ కూడా ఇవ్వదు. ఫార్మాట్ స్పష్టంగా చెప్పి మార్చుకోవాలి. కాలమ్‌ల వరుస మారితే కాపీ కమాండ్ మౌనంగా ఒకదాని విలువను ఇంకోదానిలో పోస్తుంది. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి ఉన్న హెడర్ మ్యాచ్ ఆప్షన్ పెడితే పేర్లు సరిపోకపోయిన వెంటనే ఆగుతుంది.

తెలుగు పేర్లు కీలుగా ఉన్నచోట ఇంకో చిక్కు ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం గుర్తుకు ఐత్వపు ఒత్తు గుర్తును చేర్చి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. తెరమీద "వైద్య" రెండిట్లోనూ ఒకేలా కనబడుతుంది, డేటాబేస్‌కు అవి వేరు వేరు పదాలు. పోస్ట్‌గ్రెస్ 13లో వచ్చిన నార్మలైజ్ ఫంక్షన్‌ను స్టేజింగ్ దశలోనే వాడితే రెండూ ఒకటవుతాయి. ఫైలు పేర్లలో తెలుగు ఉంటే ఒక్కో గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. ఎస్‌3 పేరుకు పరిమితి 1,024 బైట్లు.

ఎప్పుడు నడపాలి

క్లౌడ్ మెషీన్లు సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తాయి. భారత కాలమానం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. ఫోల్డర్ పేరులో తేదీ యూటీసీది అయితే, మనకు అర్ధరాత్రి నుంచి తెల్లవారి 5:30 వరకు వచ్చే బిల్లులన్నీ నిన్నటి ఫోల్డర్‌లోనే పడతాయి. రాత్రి ఒంటిగంటకు నడిచి "నిన్నటి ఫోల్డర్ పూర్తయింది" అని ముద్ర వేసే జాబ్, ఆ తర్వాత నాలుగున్నర గంటల డేటాను శాశ్వతంగా వదిలేస్తుంది. ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే మెడికల్ షాపులకు ఇది చిన్న నష్టం కాదు. ఫోల్డర్ పూర్తయిందని ఎప్పుడూ తేల్చేయకుండా గత మూడు రోజుల ఫోల్డర్లనూ ప్రతిసారీ లిస్ట్ తీయడం నయం. ఏది పాతదో, ఏది కొత్తదో పద్దు చూసుకుంటుంది.

గంట కొట్టిన నిమిషానికి కాకుండా ఏడో నిమిషానికో, పదిహేడో నిమిషానికో పెట్టండి. శాఖలన్నీ అప్‌లోడ్ చేసేది, మిగతా జాబ్‌లు లేచేది ఆ సున్నా నిమిషంలోనే. మెషీన్ ఆగి ఉన్నప్పుడు తప్పిన రన్‌లను క్రాన్ తర్వాత నడపదు. పద్దు పద్ధతిలో దాంతో బాధ లేదు, తర్వాతి రన్ మిగిలినవన్నీ ఎక్కించేస్తుంది.

ఎంత తరచుగా అన్నదానికి ఖర్చు కూడా ఒక లెక్కే. ఎస్‌3 ఒక్క లిస్ట్ అభ్యర్థనకు గరిష్ఠంగా 1,000 పేర్లే ఇస్తుంది. బకెట్‌లో పది లక్షల ఫైళ్లుంటే మొత్తం లిస్ట్‌కు 1,000 అభ్యర్థనలు. ఉత్తర వర్జీనియా రీజియన్ (అమెజాన్ డేటా సెంటర్ల ప్రాంతం) ధర ప్రకారం అది 0.005 డాలర్లు. ఐదు నిమిషాలకోసారి అంటే రోజుకు 288 సార్లు, 1.44 డాలర్లు, నెలకు 43 డాలర్లకు పైనే. తేదీ ఫోల్డర్లతో మూడు రోజులవే చూస్తే ఇది లెక్కలోకి రాదు. అసలు బిల్లు పేలేది వేరేచోట. ప్రైవేటు నెట్‌వర్క్‌లోని మెషీన్ నాట్ గేట్‌వే (బయటి నెట్‌కు వెళ్లే దారి) ద్వారా ఎస్‌3కి వెళ్తుంటే ప్రతి జీబీకీ రుసుము పడుతుంది. ఎస్‌3 గేట్‌వే ఎండ్‌పాయింట్ (ఎస్‌3కి నేరు దారి) పెట్టుకుంటే ఆ రుసుము ఉండదు, దానికి విడిగా డబ్బూ తీసుకోరు. 2022 నవంబర్ నుంచి హైదరాబాద్ రీజియన్ ఉంది. కానీ బకెట్ ముంబైలో, డేటాబేస్ హైదరాబాద్‌లో ఉంటే రీజియన్ దాటిన ప్రతి జీబీకి చెల్లించాల్సిందే. రెండూ ఒకేచోట ఉంచండి.

ఈవెంట్లు, రెడీమేడ్ టూల్స్

ఫైలు పడగానే ఎస్‌3 ఈవెంట్ (కబురు) పంపుతుంది కదా, షెడ్యూలు దేనికి అంటారు. ఈవెంట్ కనీసం ఒకసారి వస్తుందన్నదే హామీ. రెండుసార్లు రావచ్చు, వరుస తప్పవచ్చు, మామూలుగా సెకన్లలో వచ్చేది ఒక్కోసారి నిమిషం దాటవచ్చు. కాబట్టి పద్దు అక్కడా కావాలి. పేరు కూడా యూఆర్‌ఎల్ ఎన్‌కోడింగ్‌లో వస్తుంది, ఖాళీ స్థలం ప్లస్ గుర్తుగా, తెలుగు అక్షరాలు శాతం గుర్తులుగా ఉంటాయి. విప్పకుండా వాడితే ఫైలు లేదనే సమాధానం వస్తుంది. తాజాదనం కోసం ఈవెంట్లు, జారిపోయినవాటి కోసం గంటకోసారి లిస్ట్ అన్న జోడీ నిలకడైనది.

క్లౌడ్ డేటా వేర్‌హౌస్ అయిన స్నోఫ్లేక్ తనే పద్దు ఉంచుకుంటుంది. కాపీ ఇన్‌టు కమాండ్‌కు 64 రోజులు, ఫైళ్లు రాగానే ఎక్కించే స్నోపైప్‌కు 14 రోజులు. ఆ గడువు దాటిన ఫైళ్లను మళ్లీ ఎక్కించాల్సి వస్తే ఏం జరుగుతుందో ముందే చదువుకోవాలి. అమెజాన్ వేర్‌హౌస్ రెడ్‌షిఫ్ట్‌లో మామూలు కాపీ కమాండ్ ఏమీ గుర్తు పెట్టుకోదు, అదే ఫోల్డర్ మీద రెండుసార్లు నడిపితే డేటా రెండింతలవుతుంది.

సరిచూసుకోవడం

ఎర్రర్ రాలేదంటే డేటా వచ్చిందని అర్థం కాదు. సున్నా ఫైళ్లు దొరికిన రన్ కూడా సక్సెస్సే. అలర్ట్‌ను జాబ్ విఫలమైందా అన్నదాని మీద కాకుండా, ప్రతి శాఖకూ చివరి ఫైలు ఎక్కి ఎంతసేపయింది అన్నదాని మీద పెట్టండి. గంటకో ఫైలు పంపే శాఖ నుంచి మూడు గంటలుగా ఏమీ లేకపోతే ఫోన్ మోగాలి.

వారానికోసారి బకెట్ మొత్తాన్ని పద్దుతో పోల్చాలి. దీనికి ఎస్‌3 ఇన్వెంటరీ ఉంది. రోజుకో వారానికో ఫైళ్ల జాబితా మొత్తాన్ని సీఎస్‌వీ లేదా పార్కే రూపంలో ఇస్తుంది. దాన్ని ఒక టేబుల్లోకి దింపి, జాబితాలో ఉండి పద్దులో లేనివి, పద్దులో ఉండి జాబితాలో లేనివి అని రెండు క్వెరీలు రాయండి. మొదటిదానిలో ఏదైనా వస్తే జాబ్‌లో లోపం ఉన్నట్టు. రెండోదానిలో వచ్చేవి బకెట్‌లో తొలగించినవి. వాటి రికార్డులు కూడా తీసేయాలా వద్దా అన్నది అకౌంట్స్ వాళ్లతో మాట్లాడి ముందే తేల్చుకోవాలి. పాతవాటిని లైఫ్‌సైకిల్ రూల్ (వయసును బట్టి ఫైళ్లను తీసేసే, తరలించే నియమం) తొలగించే బకెట్‌లో ఇది ఆలోచించకుండా రాస్తే గత సంవత్సరం అమ్మకాలన్నీ టేబుల్లోంచి మాయమవుతాయి. అదే రూల్ ఫైళ్లను చౌక దీర్ఘకాల నిల్వ అయిన గ్లేసియర్ ఫ్లెక్సిబుల్‌కు పంపితే అవి లిస్ట్‌లో కనబడతాయి కానీ తెరుచుకోవు. ముందు రిస్టోర్ అడగాలి, మామూలు పద్ధతిలో దానికి 3 నుంచి 5 గంటలు పడుతుంది. మొత్తం మళ్లీ ఎక్కించాల్సిన అవసరం వచ్చినప్పుడు ఈ గంటలు కూడా ప్లాన్‌లో ఉండాలి.